గిటార్ నేర్చుకోవాలంటే ముందు తోడు వెతుక్కోండి

మొదటి రోజు మాస్టారు చూపించిన కార్డ్ ఇ-మైనర్. కార్డ్ అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి పలికించడం. ఇది రెండు వేళ్లతో అయిపోయే కార్డ్. ఐదో తీగ మీద ఒక వేలు, నాలుగో తీగ మీద ఒక వేలు, రెండూ రెండో ఫ్రెట్‌లోనే, అంటే మెడ మీది లోహపు గీతల మధ్య ఉండే రెండో గడిలోనే. పెట్టి ఆరు తీగలూ మీటడమే. నేను మీటితే ఐదు తీగలు పలికాయి, ఒకటి ‘టప్’మని దగ్గింది. ఇంకా గట్టిగా నొక్కాను. ఇంకా గట్టిగా దగ్గింది. “ప్రాక్టీస్ చేస్తే వస్తుందండీ” అని మాస్టారు పక్క కుర్రాడి దగ్గరికి వెళ్లిపోయారు. అప్పుడు నా ఎడమవైపు కూర్చున్న పెద్దాయన, నాకంటే మూడు వారాల ముందు చేరిన రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు, కళ్లజోడు పైకి తోసుకుని నా వేలు చూశారు. “గడి మధ్యలో నొక్కుతున్నారు. ఈ ఇత్తడి గీత ఉందే, దాని వెనకాలే ఆనుకునేటట్టు పెట్టండి. అంత బలం అక్కర్లేదు” అన్నారు. జరిపాను. తీగ గుడి గంటలా మోగింది.

ఆ సంగతి మాస్టారికి తెలియక కాదు. తన వేలు మొదటిసారి ఎక్కడ తప్పిందో ఆయన ఎప్పుడో మరిచిపోయారు. పోస్టుమాస్టరు గారికి మాత్రం అది ఇంకా పచ్చిగానే ఉంది. గిటార్ నేర్చుకోవాలనుకునే వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: మీకంటే నాలుగడుగులు ముందున్న తోటి విద్యార్థి చెప్పే మాటకు ఒక ప్రత్యేకమైన విలువ ఉంది. దాన్ని అదృష్టానికి వదిలేయకుండా మొదటి రోజు నుంచే ఏర్పాటు చేసుకోవచ్చు. నేను ముప్పై తొమ్మిదో ఏట, కాకినాడలో ఒక మందుల దుకాణం మేడ మీద జరిగే ఆదివారం క్లాసులో చేరాను. మేం నలుగురం. పోస్టుమాస్టరు గారు, ఇంటర్ చదివే కుర్రాడు, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అక్క, నేను. కింద రాసిన వాటిలో సగం వాళ్ల దగ్గర నేర్చుకున్నవే.

ముందు మనుషులు, తరువాత గిటార్

గిటార్ కొనకముందే ఇద్దరు ముగ్గురిని పోగుచేసుకోండి. నలుగురు దాటితే కబుర్లు ఎక్కువై వాయిద్యం తక్కువవుతుంది. ఎక్కడ దొరుకుతారంటే, మీ ఊళ్లో సంగీతం క్లాసు ఉంటే అక్కడే. లేకపోతే ఆఫీసులోనో, అపార్టుమెంటులోనో అడగండి. అటక మీద పాత గిటార్ పెట్టుకుని “ఎప్పటికైనా నేర్చుకోవాలి” అనుకునే వాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. మన దగ్గర చాలా చర్చిల్లో గాయక బృందం పక్కన గిటార్ ఉంటుంది. అక్కడి పిల్లలు పాటలకు వాయిస్తూ వాయిస్తూనే నేర్చేసుకుంటారు, ఆరాధన అయిపోయాక అడిగితే ఓపికగా చూపిస్తారు కూడా.

అందరూ ఒకే మెట్టు మీద ఉండనక్కర లేదు. ఒకరు కొంచెం ముందుంటే, ఒకరు కొంచెం వెనకుంటే మరీ మంచిది. ముందున్న వాళ్ల దగ్గర మీరు అడుగుతారు, వెనకున్న వాళ్లకు మీరు చెబుతారు. చెప్పేటప్పుడే మీకు సగం అర్థమవుతుంది. ఐదేళ్లుగా వాయిస్తున్న మేనల్లుడిని మాత్రం ఈ గుంపులోకి తీసుకురావద్దు. వాడు మంచివాడే, కానీ చూపించమంటే చటుక్కున వాయించి చూపిస్తాడు, మీకు చూడటమే మిగులుతుంది.

కలిశాక ఒక ఒప్పందం చేసుకోండి. వారానికి ఒక రోజు ముప్పావు గంట కలిసి కూర్చోవడం. మిగతా రోజుల్లో ఎవరి ఇంట్లో వాళ్లు పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాల్లో ఒక అర నిమిషం ఫోనులో రికార్డు చేసి మిగతా వాళ్లకు పంపడం. బాగా వచ్చినదాన్ని ఏరుకుని పంపకూడదు, ఆ రోజు ఎలా వస్తే అలాగే పంపాలి. మా అక్క రాత్రి డ్యూటీ దిగి వచ్చి ఉదయం ఏడింటికి పంపే రికార్డులో వెనక కుక్కర్ కూత వినిపించేది. ఆవిడే వాయించగా లేనిది నాకేం రోగం అని నేనూ గిటార్ అందుకునేవాణ్ణి. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున వారమంతా వాయించడం, ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు కూర్చోవడం కంటే ఎంతో మేలు. వేళ్లకు గుర్తు పెట్టుకోవడం అలాగే అలవాటవుతుంది.

కొనేటప్పుడు ఒక జత కళ్లు తోడు తీసుకెళ్లండి

ఐదారు వేల నుంచి పది వేల లోపు మొదటి గిటార్ వస్తుంది. రెండు రకాలు కనిపిస్తాయి. నైలాన్ తీగలది, ఉక్కు తీగలది. నైలాన్ వేళ్లకు మెత్తగా ఉంటుంది, కానీ దాని మెడ వెడల్పు. చిన్న చేతుల వాళ్లకు కొన్ని కార్డ్‌లు అందడం కష్టం. సినిమా పాటలకు కార్డ్‌లు వాయించుకోవాలనుకుంటే ఉక్కు తీగల అకౌస్టిక్ గిటారే తీసుకోండి, సన్న తీగలు వేయించుకోండి. దుకాణంలో ‘పది నంబరు’, ‘పదకొండు నంబరు’ అంటారు. మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట పది వంతులు, పదకొండు వంతులు అని దాని అర్థం. పన్నెండు నంబరు తరువాత చూసుకోవచ్చు.

రంగు, నగిషీ చూడకండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉందో చూడండి. రెండు, రెండున్నర మిల్లీమీటర్లు ఉంటే చాలు. నాలుగు ఉంటే అది వాయిద్యం కాదు, వేళ్లకు శిక్ష. గిటార్‌ను కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు మెడ వెంబడి చూడండి. మెడ స్పష్టంగా విల్లులా వంగి కనిపిస్తే వద్దనండి. తరువాత ఒక్కో తీగనూ ఒక్కో ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటించుకోండి. ఎక్కడైనా జుర్రుమంటే అక్కడ ఏదో సరిగా లేదన్నమాట. ఇది మీకు మొదటి రోజు చేతకాదు, అందుకే ఒకరిని వెంట తీసుకెళ్లమన్నాను. నా గిటార్ నేనొక్కణ్ణే వెళ్లి, మెరుపు చూసి మోజుపడి కొన్నాను. తీగలు అంత ఎత్తులో ఉన్నాయని పోస్టుమాస్టరు గారు చెప్పేదాకా తెలియలేదు. తీగలు ఆనే ఎముకలాంటి పట్టీని, శాడిల్ అంటారు, కాస్త అరగదీయిస్తే సరిపోయింది. మరమ్మతు తెలిసిన వాళ్లే చేయాలి. ఇంట్లో ఆకురాయి పట్టుకుని కూర్చోవద్దు.

శ్రుతి

తీగల లెక్క కింద నుంచి మొదలవుతుంది. అన్నిటికంటే సన్నది ఒకటో తీగ, అన్నిటికంటే లావుది ఆరో తీగ. లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి, బి, మళ్లీ ఇ. లావు ఇ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తే సన్న ఇ సుమారు 330 సార్లు, అంటే నాలుగు రెట్లు. అదే స్వరం, రెండు స్థాయిలు పైన.

ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టుకుంటే శ్రుతి చేయడం రెండు నిమిషాల పని. అయినా చెవితో చేయడం కూడా మొదటి నెలలోనే నేర్చుకోండి. ఆరో తీగను ఐదో ఫ్రెట్‌లో నొక్కితే వచ్చే స్వరమే ఐదో తీగ ఖాళీగా పలకాల్సిన స్వరం. ఐదో దానితో నాలుగోది, నాలుగో దానితో మూడోది అలాగే. మూడో దానితో రెండో తీగను సరిచేసేటప్పుడు మాత్రం నాలుగో ఫ్రెట్. రెండోదాని నుంచి ఒకటోదానికి మళ్లీ ఐదే. ఆ నాలుగో ఫ్రెట్ దగ్గర అందరూ ఒకసారైనా తప్పుతారు, నేను రెండు వారాలు తప్పాను. శ్రుతి ఎప్పుడూ కింద నుంచి పైకి బిగిస్తూ రండి. ఎక్కువ బిగిస్తే కాస్త వదులు చేసి మళ్లీ పైకి రండి, అప్పుడే నిలుస్తుంది. ఇంకొక జాగ్రత్త: ట్యూనర్ చూపించేది ఏ తీగ పేరో చూసుకోకుండా తిప్పుకుంటూ పోతే ఒకటో తీగ తెగుతుంది. తెగేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి.

నలుగురు కూర్చున్నప్పుడు మొదటి ఐదు నిమిషాలు దీనికే ఇవ్వండి. ఒకరు యాప్‌తో సరిచేసుకుంటారు, మిగతా ముగ్గురూ ఆ గిటార్‌ను విని తమది సరిచేసుకుంటారు. కలిసిందో లేదో చెప్పే గుర్తు ఒకటుంది. రెండు తీగలు దాదాపు కలిసి, పూర్తిగా కలవనప్పుడు శబ్దం ఊయలలా ‘వవ్వవ్వవ్వ’ అని ఊగుతుంది. దగ్గరయ్యే కొద్దీ ఊపు నెమ్మదిస్తుంది, కలిశాక ఆగిపోతుంది. ఈ ఊపు నాకు మొదట వినిపించనే లేదు. అక్క నా గిటార్ చెక్కకు నా చెవి ఆనించమంది. అప్పుడు తెలిసింది.

వేళ్ల నొప్పి

ఎడమచేతి గోళ్లు పూర్తిగా తీసేయండి. రవ్వంత గోరున్నా వేలి కొస నిలువుగా దిగదు, పక్క తీగకు తగిలి దాన్ని మూగబరుస్తుంది. బొటనవేలు మెడ వెనక, చూపుడు వేలికీ మధ్య వేలికీ ఎదురుగా ఉండాలి. అరచేయి మెడకు అతుక్కోకూడదు.

మొదటి రెండు మూడు వారాలు వేలి కొసలు మండుతాయి. తరువాత కాయలు కాస్తాయి. ఆ మధ్యలోనే చాలామంది మానేస్తారు. నొప్పిని తగ్గించే మందేమీ లేదు కానీ, కొన్ని పనులు చేయకుండా ఉండవచ్చు: స్నానం చేసి వచ్చి వేళ్లు మెత్తబడి ఉండగా వాయించకండి, పొరలు లేచిన చర్మాన్ని పీకకండి, ఒక్క విడతలో పది పదిహేను నిమిషాలు దాటకండి. ఆస్పత్రిలో పనిచేసే మనిషి కాబట్టి అక్క మాకొక సూత్రం చెప్పింది. వేలి కొసన మంట అయితే రేపు మళ్లీ వాయించవచ్చు, మణికట్టులోనో ముంజేతిలోనో లాగుతుంటే వెంటనే ఆపి చేతి భంగిమ చూసుకోవాలి, తిమ్మిరి ఎక్కితే మానేసి డాక్టరును కలవాలి. మా కుర్రాడు నొప్పిని పౌరుషంగా తీసుకుని రోజుకు మూడు గంటలు వాయించి, వారం పాటు చెంచా పట్టుకోలేకపోయాడు.

తోటివాళ్లు ఇక్కడ ఎలా పనికొస్తారంటే, వాళ్ల వేళ్లు చూపించమని అడగండి. నెల ముందు చేరినవాడి చూపుడు వేలి కొసను తాకి చూస్తే ఎండిన చింతగింజలా గట్టిగా ఉంటుంది. మీది కూడా అలా అవుతుందని వంద మాటల్లో చెప్పడం కంటే ఆ వేలు చాలు.

మొదటి కార్డ్‌లు, మార్పులు

ఇ-మైనర్ వచ్చాక వరుసగా ఎ, బి, సి అని వెళ్లాలనిపిస్తుంది. అలా వెళ్లకండి. ఒక కార్డ్ నుంచి ఇంకొక కార్డ్‌కు ఎన్ని వేళ్లు కదపాలో చూసుకుని నేర్చుకోండి. ఇ-మైనర్‌లో ఉన్న రెండు వేళ్లనూ, అంటే మధ్య వేలునూ ఉంగరపు వేలునూ, అలాగే ఉంచి, చూపుడు వేలును మూడో తీగ ఒకటో ఫ్రెట్‌లో పెడితే ఇ-మేజర్. ఏడుస్తున్న పిల్ల ఒక్కసారిగా నవ్వినట్టుంటుంది, వాయించి చూడండి. ఆ మూడు వేళ్ల ఆకారాన్నే చెక్కుచెదరకుండా ఒక తీగ కిందికి దించితే ఎ-మైనర్, అప్పుడు ఆరో తీగను మీటకూడదు. ఎ-మైనర్ నుంచి ఉంగరపు వేలును మాత్రం తీసి ఐదో తీగ మూడో ఫ్రెట్‌కు జరిపితే సి. ఇలా నాలుగు కార్డ్‌లు రెండు వారాల్లో చేతికొస్తాయి. ఆ తరువాత జి, డి. డి-లో నాలుగు తీగలే మీటాలి. లావు తీగలు రెండూ తగిలితే అడుగున మట్టి కలిసినట్టు శబ్దం మసకబారుతుంది.

కార్డ్ పట్టడం పెద్ద విషయం కాదు, మారడమే విషయం. దీనికి జోడీగా చేసే అభ్యాసం ఒకటి చెబుతాను. ఒకరు వాయిస్తారు, ఒకరు ఫోనులో నిమిషం పెట్టుకుని లెక్కపెడతారు. సి నుంచి జి, జి నుంచి సి, నిమిషంలో ఎన్నిసార్లు శుభ్రంగా మారారు? మొదటివారం నాకు పన్నెండు. పోస్టుమాస్టరు గారికి ఎనిమిది. ఇరవై ఐదు, ముప్పై దాటితే నెమ్మది పాటలు వాయించవచ్చు, అరవై దగ్గరికి వస్తే చాలా పాటలకు సరిపోతుంది. లెక్క కాగితం మీద రాయండి. ఎవరి లెక్కను వాళ్ల కిందటి వారం లెక్కతోనే పోల్చుకోవాలి, పక్కవాళ్లతో పోల్చకూడదు. ఈ నియమం మేం పెట్టుకున్నది రెండో వారంలో, కుర్రాడు నలభై తెచ్చి పోస్టుమాస్టరు గారి ముఖం చిన్నబుచ్చాక.

లెక్కపెట్టే మనిషి ఊరికే కూర్చోకూడదు. చేయి చూడాలి. వాయించేవాడు తన చేతిని పైనుంచి చూస్తాడు, ఎదురుగా కూర్చున్నవాడికి వేళ్ల కింద ఏం జరుగుతోందో కనిపిస్తుంది. “మారేటప్పుడు నీ వేళ్లు జానెడు దూరం లేస్తున్నాయి” అని కుర్రాడు నాకు చెప్పింది అలా చూసే. వేళ్లను తీగల మీది నుంచి అంగుళం కంటే ఎక్కువ లేవనివ్వకుండా వారం రోజులు చూసుకున్నాను, పన్నెండు ఇరవై రెండయింది.

ఇంట్లో పిల్లలు పడుకున్నారా? తీగలను మీటకుండా కార్డ్‌లు మార్చే అభ్యాసం చేసుకోవచ్చు. లేదా గిటార్ చెక్క మీద తీగలు కట్టిన బ్రిడ్జ్ దగ్గర తీగల కింద చిన్న గుడ్డ దోపితే శబ్దం గదిలోనే ఉండిపోతుంది. రాత్రి డ్యూటీల మనిషి కనిపెట్టిన ఉపాయం ఇది.

కుడి చేయి, తకధిమి

స్ట్రమ్మింగ్, అంటే లయ ప్రకారం తీగలన్నిటినీ కలిపి మీటడం. దాని దగ్గర ఇంగ్లిషు వీడియోలు బాణం గుర్తులు వేసి భయపెడతాయి. మనకు అంతకంటే మంచి పనిముట్టు నోటిలోనే ఉంది. తకధిమి తకధిమి అనుకోండి. మొత్తం ఎనిమిది అక్షరాలు. చేయి గోడ గడియారం లోలకంలా కిందికీ పైకీ ఊగుతూనే ఉండాలి, ‘త’కు కింద, ‘క’కు పైన, ‘ధి’కి కింద, ‘మి’కి పైన. చేయి ఆగదు, కానీ ప్రతిసారీ తీగను తాకనక్కర లేదు. మొదటి ‘త’ తాకండి, ‘క’ వదిలేయండి, ‘ధి’, ‘మి’ తాకండి. రెండో ‘త’ గాలిలో పోనివ్వండి, ‘క’, ‘ధి’, ‘మి’ తాకండి. బోలెడు పాటలకు సరిపోయే నడక ఇదే. మొదటి పాఠం ఇదొక్కటే పెట్టుకోండి. మూడు లెక్కల పాటలకు తకిట తకిట, ‘త’ దగ్గర కొంచెం బరువు.

మొదట అన్ని తీగలనూ ఎడమ చేత్తో మూసేసి, కుడి చేత్తో చుక్‌చుక్ అని వాయించండి. కార్డ్ బెడద లేకపోతే లయ త్వరగా దొరుకుతుంది. ఒకరు వాయిస్తుంటే మరొకరు తాళం వేయండి. టిక్‌టిక్‌మని లయ కొట్టే మెట్రోనోమ్ యాప్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టుకోవచ్చు, కానీ మనిషి వేసే తాళం మీరు తప్పినప్పుడు మీ ముఖంలోకి చూస్తుంది. ఆ చూపుకు యంత్రం సాటిరాదు. కార్డ్ మార్పు అందకపోతే లయ ఆపకండి. తప్పు కార్డ్ మీదే అయినా చేయి నడవాలి. వినేవాళ్లు తప్పు స్వరాన్ని క్షమిస్తారు, ఆగిపోయిన పాటను క్షమించరు.

ఇక్కడే తోటివాళ్ల పరిమితి కూడా చెప్పాలి. మేం నలుగురం రెండు నెలల పాటు పైకి మీటేటప్పుడు కూడా ఆరు తీగలనూ లాగేవాళ్లం. ఒకరిని చూసి ఒకరు, అందరం కలిసి ఒకే తప్పు. అందరూ చేస్తున్నారు కాబట్టి అదే సరైనదనుకున్నాం. ఒకరోజు మాస్టారు నిలబడి విని, “ఏమిటండీ ఈ చెక్కలు కోసే శబ్దం” అన్నారు. పైకి వచ్చేటప్పుడు సన్న తీగలు మూడు నాలుగు తగిలితే చాలట. కాబట్టి గుంపు ఎంత బాగున్నా, నెలకు ఒక్కసారైనా తెలిసినవాళ్ల ముందు వాయించి చూపించండి.

ఎలా చెప్పుకోవాలి

ఒకరి వాయిద్యం గురించి మరొకరు మాట్లాడటం దానంతట అదే రాదు. మనవాళ్లకు రెండే వచ్చు: “సూపర్” అనడం, లేదా తల అడ్డంగా ఊపడం. రెండూ పనికిరావు. మా దగ్గర “బాగుంది” అన్న మాటకు నిషేధం ఉండేది. ఎక్కడ బాగుందో చెప్పాలి. “సి-లోకి వచ్చినప్పుడు ఐదో తీగ మొదటే పలికింది, అది బాగుంది.” సరిదిద్దాల్సింది ఒక్కటే చెప్పాలి, ఐదు కనిపించినా ఒక్కటే. “రెండో తీగ మూగబోతోంది, చూపుడు వేలు కాస్త నిలువుగా పెట్టి చూడండి.” ఇంతే. చెప్పించుకునేవాళ్లు “అది నా గిటార్ లోపం” అనకుండా ఒకసారి చేసి చూడాలి.

మీ కష్టం అడిగేటప్పుడు కూడా గురిపెట్టి అడగండి. “నాకు రావట్లేదు” అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. “జి నుంచి డి-కి వెళ్లేటప్పుడు ఉంగరపు వేలు ఆలస్యంగా దిగుతోంది” అంటే ఆ దారిన నడిచినవాళ్లు ఏదో ఒకటి చెబుతారు. దానికి పోస్టుమాస్టరు గారు ఇచ్చిన జవాబు: “ముందు ఉంగరపు వేలే దింపండి, మిగతావి దాని వెనక వస్తాయి.” రైలు ఇంజను ముందుంటే పెట్టెలు అవే వస్తాయి అని ఆయన ఉపమానం. పని చేసింది.

ఎవరైనా రెండు వారాలు కనిపించకపోతే? పరీక్షలని కుర్రాడు మాయమైనప్పుడు మేం ఏం చేశామంటే, మానేశావేమని అడగలేదు. “ఒక్క ఇ-మైనర్ మీటి పంపు, చాలు” అని అక్క రాసింది. పంపాడు. మర్నాడు ఇంకొకటి. మానేసినవాడికి పెద్ద పాట గుర్తు చేస్తే సిగ్గుపడి దూరమవుతాడు, చిన్న పని అడిగితే గిటార్ సంచి జిప్పు తీస్తాడు. జిప్పు తీశాక మిగతాది గిటార్ చూసుకుంటుంది.

ఎఫ్ అనే గోడ

ఆరో వారమో, ఎనిమిదో వారమో ఎఫ్ ఎదురవుతుంది. చూపుడు వేలుతో ఆరు తీగలనూ ఒకటో ఫ్రెట్‌లో అడ్డంగా నొక్కి, మిగతా మూడు వేళ్లతో ఇ-మేజర్ ఆకారం పట్టాలి. దీన్ని బార్ కార్డ్ అంటారు. గిటార్‌లు మళ్లీ అటకెక్కేది ఇక్కడే. మాలో ఒక్కరికీ మొదటి నెలలో రాలేదు, అది నలుగురికీ ఒకేసారి రాకపోవడం వల్ల ఎవరూ తమ చేతిని నిందించుకోలేదు.

కొన్ని సంగతులు తెలిస్తే గోడ కాస్త కుంగుతుంది. చూపుడు వేలు ఆరు తీగలనూ సమానంగా నొక్కనక్కర లేదు. ఐదు, నాలుగు, మూడు తీగలను మిగతా వేళ్లు చూసుకుంటాయి. చూపుడు వేలు నిజంగా నొక్కాల్సింది ఆరో తీగనూ, రెండు, ఒకటి తీగలనూ మాత్రమే. వేలును పూర్తిగా బోర్లా పెట్టకుండా బొటనవేలి వైపుకు కాస్త దొర్లించండి, అటువైపు ఎముక గట్టిగా ఉంటుంది, కణుపుల మధ్య మెత్తని సందుల్లో తీగ దాక్కోదు. బలం బొటనవేలితో పిండడం వల్ల వచ్చేది తక్కువ. మోచేతిని కొంచెం వెనక్కి లాగితే చేతి బరువే తీగలను నొక్కుతుంది. ఇక, ఒకటో ఫ్రెట్ తీగలు కట్టిన కొసకు దగ్గర కాబట్టి అక్కడ నొక్కడం అన్నిటికంటే కష్టం. అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్‌లో పట్టి చూడండి, ఎ-మేజర్ పలుకుతుంది, చాలా తేలిక. అక్కడ కుదిరాక వారానికి ఒక ఫ్రెట్ చొప్పున కిందికి దిగండి.

ఈలోగా పాటలు ఆపవద్దు. చిన్న ఎఫ్ ఒకటుంది. చూపుడు వేలు ఒకటి, రెండు తీగల మీద ఒకటో ఫ్రెట్‌లో, మధ్య వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్‌లో. కింది నాలుగు తీగలే మీటండి. పోస్టుమాస్టరు గారికి కీళ్ల నొప్పులు. ఆయన ఇప్పటికీ చిన్న ఎఫ్‌తోనే నడిపిస్తారు, పాటకు లోటేమీ కనిపించదు.

సరళీ స్వరాలు గిటార్ మీద

చిన్నప్పుడు ఎవరి అరుగు మీదనో సరళీ స్వరాలు నేర్చుకుని వదిలేశారా? మీకు సగం దారి తెలుసు. గిటార్ మీద ఒక్కో ఫ్రెట్ ఒక్కో అర స్వరం, పన్నెండు ఫ్రెట్లు దాటితే పై షడ్జమం, అంటే పై స. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ రాగం మొదటి నాలుగు ఫ్రెట్లలోనే దొరుకుతుంది. సి-ని షడ్జమం చేసుకోండి. ఐదో తీగ మూడో ఫ్రెట్ స, నాలుగో ఫ్రెట్ రి. నాలుగో తీగ రెండో ఫ్రెట్ గ, మూడో ఫ్రెట్ మ. మూడో తీగ ఖాళీగా ప, ఒకటో ఫ్రెట్ ద. రెండో తీగ ఖాళీగా ని, ఒకటో ఫ్రెట్ పై స. రి, ద ఒక్కో ఫ్రెట్ పైకి జరిపితే, అంటే రి నాలుగో తీగ ఖాళీగా, ద మూడో తీగ రెండో ఫ్రెట్‌లో, అది శంకరాభరణం, పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది అదే. మూడు కాలాల్లో వాయిస్తే వేళ్లకు ఇంతకంటే మంచి కసరత్తు నాకు తెలియదు. గమకాలు ఫ్రెట్ల మీద పూర్తిగా పలకవు, తీగను లాగి, జార్చి కొంత తేవచ్చు, ఆ గొడవ తరువాత చూసుకుందాం.

ఇక్కడ ఒక ఆట ఉంది. ఒకరు నాలుగు స్వరాల ముక్క పాడాలి, పక్కవాళ్లు చూడకుండా వాయిద్యం మీద వెతికి పట్టాలి. కర్ణాటక సంగీత విద్వాంసుడు మాండొలిన్ శ్రీనివాస్ చదువు ఇలాగే మొదలైంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆ పిల్లవాడికి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆరేళ్ల పిల్లవాడు అది విని మాండొలిన్ మీద పలికించేవాడు. మీ పక్కన కూర్చున్న మనిషికి గిటార్ రాకపోయినా గొంతు ఉంటే చాలునని దీన్నిబట్టి ధైర్యం తెచ్చుకోవచ్చు. మా ఇంట్లో ఈ ఆటకు స్వరం అందించేది మా అమ్మ, వంటింట్లోంచే.

కలిసి ఒక పాట

మూడో నెలలో నలుగురూ కలిసి ఒక పాట పూర్తిగా వాయించండి. అందరూ ఒకే కార్డ్‌లు ఒకేలా మీటితే బస్టాండు గోలలా ఉంటుంది. పని పంచుకోండి. ఒకరు పూర్తి స్ట్రమ్మింగ్, ఒకరు ప్రతి కార్డ్‌లో లావు తీగ ఒక్కటే లెక్క ప్రకారం, ఒకరు పాట వరస స్వరాల్లో, ఒకరు పాడుతూ తాళం. వెనకబడినవాళ్లకు లావు తీగ పని ఇవ్వండి. తేలికే, కానీ అది లేకపోతే పాట నిలబడదు, ఆ సంగతి వాళ్లకు వాయించేటప్పుడే తెలుస్తుంది.

పాడేవాళ్ల శ్రుతి, అంటే వాళ్ల గొంతుకు అనువైన షడ్జమం, పట్టించుకోండి. కార్డ్‌లు తెలిసినవి కదా అని గొంతును లాగకూడదు, గిటారే గొంతు దగ్గరికి వెళ్లాలి. దానికే క్యాపో, మెడకు బిగించే క్లిప్పు. ఒకటో శ్రుతి అంటే సి, అలాగే వాయించండి. ఒకటిన్నర అయితే క్యాపో ఒకటో ఫ్రెట్‌లో పెట్టి అవే సి కార్డ్‌లు. రెండున్నరకు మూడో ఫ్రెట్. నాలుగు శ్రుతికి ఐదో ఫ్రెట్. ఆడవాళ్లు చాలామంది ఐదు, ఐదున్నర దగ్గర పాడతారు. ఐదుకు క్యాపో లేకుండా జి కార్డ్‌లు, ఐదున్నరకు ఒకటో ఫ్రెట్‌లో క్యాపో పెట్టి అవే జి కార్డ్‌లు. మా అక్క ఐదున్నర. ఆ లెక్క తెలియక మొదటిసారి సి-లో వాయించి ఆవిడ చేత గొణిగించాం.

సంచిలో పెట్టుకోవాల్సినవి

సముద్రపు ఊళ్లలో తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడి నూలు గుడ్డతో ప్రతి తీగనూ పైనా కిందా తుడవండి. రోజూ వాయించేవాళ్లు రెండు మూడు నెలలకొకసారి తీగలు మార్చుకోవచ్చు. మొదటిసారి మార్చేటప్పుడు ఒక్కరే కూర్చోకండి, ఆదివారం నాడు నలుగురూ ఒకేసారి మార్చుకోండి. ఆరు తీగలనూ ఒక్కసారే విప్పకుండా ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే ఏది ఎటు చుట్టాలో పక్కనున్న తీగే చూపిస్తుంది. మార్చాక ఒకటి రెండు రోజులు శ్రుతి జారుతుంది, గాబరా పడనక్కర లేదు.

సంచిలో గుడ్డ, క్యాపో, ఒక విడి ఒకటో తీగ, పెన్సిలు, లెక్కల కాగితం. తీగలు మీటే చిన్న బిళ్లలు, పిక్‌లు, మాత్రం అరడజను పెట్టుకోండి. రెండు తోటివాళ్లు అడిగి తీసుకుంటారు, ఒకటి ఎప్పుడూ కుర్చీ కింద ఉంటుంది, ఒకటి గిటార్ మధ్యనుండే గుండ్రటి బొడ్డులోకి జారిపోతుంది. అప్పుడు గిటార్‌ను తిరగేసి ఊపేయకండి. ముందు పిక్‌ను మెల్లగా బొడ్డు అంచు దగ్గరికి దొర్లించి, ఆ తరువాతే బోర్లించండి. పక్కన ఒకరు చేయి పట్టి ఉంటే ఇంకా త్వరగా వస్తుంది.